పద్నాలుగు పాఠాల కోసం లైప్జిగ్ వెళ్ళాలా?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు ఇరవై ఏళ్ళు. మాది కాకినాడ. ఏడో ఏట నుంచి మా తాతయ్య దగ్గర కర్ణాటక బాణీలో వయొలిన్ నేర్చుకున్నాను. పదిహేడో ఏట చెన్నైలో ఒక సంగీత కళాశాలలో పాశ్చాత్య వయొలిన్‌లో చేరాను. తాతయ్య ఇచ్చిన పాత వయొలిన్, పాత కమానే ఇప్పటికీ వాడుతున్నాను. ఈ అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మార్పిడి విద్యార్థిగా జర్మనీలోని లైప్జిగ్‌లో చదివే అవకాశం వచ్చింది. మా గురువు గారు వద్దంటున్నారు. ఒక సెమిస్టర్ మరొకరి దగ్గర నేర్చుకుంటే చేయి చెడుతుందనీ, వచ్చాక సరిచేసుకోవడానికి ఏడాది పడుతుందనీ ఆయన భయం. ఏప్రిల్‌లో నా చివరి కచేరీ పరీక్ష. అందులో జర్మన్ స్వరకర్త మెండెల్సన్ రాసిన వయొలిన్ కన్చెర్టో (ఒక ప్రధాన వాద్యం వాద్యబృందంతో కలిసి వాయించే పెద్ద కృతి) వాయించాలి. అక్కడ అందరూ నాలుగైదేళ్ళ వయసు నుంచి ఈ సంగీతమే నేర్చుకుని ఉంటారు కదా, నేను కింద కూర్చుని వయొలిన్ నేర్చుకున్నానని చెప్పాలా, దాచాలా? అమ్మ భయాలు అమ్మకు ఉన్నాయి. వెళ్ళమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఒక లెక్క వేద్దాం తల్లీ. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ తరగతులు అక్టోబరులో మొదలై ఫిబ్రవరి తొలి రోజుల్లో ముగుస్తాయి. మధ్యలో క్రిస్మస్‌కు రెండు వారాలు సెలవు. వాద్యం పాఠం వారానికి ఒకటి. అక్కడి గురువులు కచేరీలు కూడా చేస్తుంటారు కాబట్టి ఒకటి రెండు పాఠాలు ముందుకో వెనక్కో జరుగుతాయి. ఎంత లాగినా నీకు దక్కేవి పదమూడో పద్నాలుగో పాఠాలు. మీ గురువు గారి భయానికీ నీ ఆశకూ కూడా జవాబు ఈ అంకెలోనే ఉంది.

మీ గురువు గారిది ఉత్త బెంగ కాదు. కొత్త విద్యార్థి ఎదుట నిలబడగానే చాలామంది గురువుల చూపు కుడి చేతి మీదికే పోతుంది. నేను జర్మనీలో చదువుకున్న రోజుల్లో (ఏ ఊరో, ఏ విద్యాలయమో ఇక్కడ అనవసరం) రెండో పాఠానికే నా చిటికెన వేలి వంపు మార్చారు. నాలుగో వారానికి పాత పట్టు పోయింది, కొత్తది రాలేదు. తరగతి కచేరీలో నెమ్మదిగా లాగవలసిన చోట కమాను తీగ మీద గంతులు వేసింది. ముందు వరుసలో కూర్చున్న నా తోటి విద్యార్థిని జాలిగా నేల చూపులు చూడటం ఇప్పటికీ గుర్తుంది. నేను అక్కడ రెండేళ్ళు ఉన్నాను కాబట్టి ఆ మార్పు వల్ల చివరికి మేలే జరిగింది. నీకు రెండేళ్ళు లేవు. పద్నాలుగు పాఠాలతో పట్టు విప్పడం కుదురుతుంది గాని, మళ్ళీ కట్టడం కుదరదు.

కనుక వెళ్ళు, కాని చేయి మార్చుకోవడానికి వెళ్ళకు. మొదటి పాఠంలోనే, వీలైతే అంతకు ముందే ఉత్తరంలో, స్పష్టంగా చెప్పు: ఫిబ్రవరిలో తిరిగి వెళ్తాను, ఏప్రిల్‌లో ఈ కృతితో పరీక్ష ఉంది, ఈసారికి నా పట్టు జోలికి వెళ్ళకుండా కృతిని అర్థం చేసుకోవడానికి సాయం చేయండి, అని. మన దగ్గర గురువుతో ఇలా మాట్లాడితే పొగరనుకుంటారు. అక్కడ మాట్లాడకపోతే నీకేం కావాలో నీకే తెలియదనుకుంటారు. ఉత్తరంతో పాటు రెండు వీడియోలు పంపు. పక్కవాద్యం లేకుండా స్వరకర్త బాఖ్ రాసిన నెమ్మది భాగం ఒకటి, నీ కన్చెర్టోలో మొదటి మూడు నిమిషాలు ఒకటి. బాగా వచ్చిన భాగాలు ఏరి కలిపి పంపకు. ఒక్క విడతలో వాయించినదే పంపు, తప్పులుంటే ఉండనీ.

పేరున్న ఆచార్యుల తరగతులు సాధారణంగా ముందే నిండిపోతాయి. మార్పిడి విద్యార్థులను ఎవరి దగ్గర ఖాళీ ఉంటే వారికి అప్పగిస్తారు. నీకు ఒక యువ అధ్యాపకురాలు దొరికితే చిన్నబుచ్చుకోకు. నా అనుభవంలో పెద్దవాళ్ళ కంటే వాళ్ళకే తీరిక ఎక్కువ, ఓపికా ఎక్కువే.

మరి దేనికి వెళ్ళాలి? చెవి కోసం. ఇది నా సొంత మాటలా కనిపిస్తుంది గాని, ఆ ఊరి చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ పదిహేనేళ్ళ వయసులో, 1858లో, లైప్జిగ్ సంగీత విద్యాలయంలో చేరాడు. మధ్యలో ఊపిరితిత్తుల జబ్బు చేసి ఇంటికి పోయాడు, కోలుకుని మళ్ళీ వచ్చి 1862లో చదువు ముగించాడు. ఆ చదువు గురించి తర్వాతి కాలంలో నిష్ఠూరంగానే మాట్లాడాడు. కాని ఆ ఊళ్ళోనే ఒక సాయంత్రం, కచేరీ మందిరమైన గెవాంట్‌హౌస్‌లో పియానో విదుషి క్లారా షూమన్ తన భర్త రాబర్ట్ షూమన్ రాసిన పియానో కన్చెర్టోను వాయించగా విన్నాడు. పదేళ్ళ తర్వాత, 1868లో, గ్రీగ్ తన ఒకే ఒక్క పియానో కన్చెర్టో రాశాడు. షూమన్‌ది ‘ఏ మైనర్’ అనే స్వరశ్రేణిలో ఉంది, అతనిదీ ‘ఏ మైనర్’లోనే. రెండింటినీ పక్కపక్కన పెట్టి వింటే ఆ సాయంత్రం ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది. నాలుగేళ్ళ పాఠాల మీద అంత విసుగున్న మనిషిలో ఒక్క కచేరీ పదేళ్ళు నిలిచింది.

నీ కన్చెర్టో సంగతికి వస్తాను. మెండెల్సన్ 1843లో స్థాపించిన విద్యాలయంలోనే నువ్వు చదవబోతున్నావు. ఆయన ఆ కన్చెర్టోను ఫెర్డినాండ్ డేవిడ్ కోసం రాశాడు. డేవిడ్ గెవాంట్‌హౌస్ వాద్యబృందంలో ముఖ్య వయొలిన్ విద్వాంసుడు, నీ విద్యాలయంలో తొలి తరం వయొలిన్ గురువు కూడా. 1845 మార్చి 13న అది లైప్జిగ్‌లోనే మొదటిసారి వినిపించింది. ఆ రోజు మెండెల్సన్‌కు ఒంట్లో బాగాలేకపోతే డెన్మార్క్ స్వరకర్త నీల్స్ గాదె వాద్యబృందాన్ని నడిపించాడు. ఇదంతా తెలిసినంత మాత్రాన నీ మూడో వేలు శ్రుతిలో పడదు, నిజమే. కాని పరీక్ష కోసం వాయించే పాఠంలా కాక, ఆ వీధుల్లో నడిచిన ఒక మనిషి తన స్నేహితుడికి రాసిచ్చిన పాటలా అది నీకు వినిపించడం మొదలైతే, ఏప్రిల్‌లో నీ గురువు గారే తేడా పట్టేస్తారు. మెండెల్సన్ చివరి రోజులు గడిపిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఒక మధ్యాహ్నం పోయి చూసి రా.

ఆ ఊరి టామస్ చర్చి సంగతి వేరే చెప్పాలి. బాఖ్ 1723 నుంచి 1750లో చనిపోయేదాకా ఆ చర్చి సంగీతాధికారిగా ఉన్నాడు. ఇప్పుడు ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. ఆ చర్చి బాలుర గాయక బృందం, ఊళ్ళో ఉన్నప్పుడు, శుక్రవారం సాయంత్రం ఆరింటికీ శనివారం మధ్యాహ్నం మూడింటికీ పాడుతుంది. రుసుము నామమాత్రం. డిసెంబరులో వాళ్ళు గెవాంట్‌హౌస్ వాద్యబృందంతో కలిసి బాఖ్ క్రిస్మస్ ఒరటోరియో (గాయకులూ వాద్యబృందమూ కలిసి వినిపించే క్రైస్తవ కథాగానం) పాడతారు. 1734 డిసెంబరులో దాన్ని మొదట పాడింది ఆ ఊరి చర్చిల్లోనే. దానికి టిక్కెట్లు త్వరగా అయిపోతాయి, అక్టోబరులోనే కనుక్కో. ఇంత పెద్ద పేర్లు ఒకచోట కనపడితే కళ్ళు తిరుగుతాయి గాని, నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది విద్యాలయంలో జరిగే ఉచిత తరగతి కచేరీల్లో. నీ వయసు వాళ్ళు, నువ్వు సాధన చేసే కృతినే, నువ్వు తడబడే చోటే తడబడి, ఎలా తేరుకుంటారో అక్కడ చూడవచ్చు. వారానికి మూడు సాయంత్రాలు వినడానికే కేటాయించు. సాధన రోజుకు నాలుగు గంటలు దాటనివ్వకు. మొదటి సెమిస్టర్‌లో నేను రోజుకు ఎనిమిది గంటలు సాధన గదిలో కూర్చున్నాను. ఆ ఊరి గురించి ఎవరైనా అడిగితే గది గోడ రంగు తప్ప చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

సాధన గదులకు పోటీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళినవాళ్ళకు సుఖం. అద్దె గదిలో వాయించవచ్చా అంటే, వాయించవచ్చు, కొలత ఉంది. ఒక ట్రంపెట్ విద్వాంసుడికీ అతని పొరుగువారికీ నడిచిన వ్యాజ్యంలో జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. ఇంట్లో వాద్య సాధనను పూర్తిగా ఆపడం కుదరదనీ, ఉజ్జాయింపుగా పనిదినాల్లో రెండు మూడు గంటలు, ఆదివారాలు, సెలవు రోజుల్లో ఒకటి రెండు గంటలు సమంజసమనీ చెప్పింది. రాత్రి పది దాటాక మాత్రం వయొలిన్ పెట్టె తెరవకు. చేరిన మొదటి రోజే పక్కింటి తలుపు తట్టి, నేను వయొలిన్ విద్యార్థినిని, ఫలానా వేళల్లో వాయిస్తాను, ఇబ్బంది అయితే చెప్పండి, అని పలకరిస్తే సగం గొడవలు పుట్టవు.

ఇప్పుడు నువ్వు కాస్త సిగ్గుపడుతూ అడిగిన ప్రశ్న. దాచడం ఎలాగూ నీ వల్ల కాదమ్మా. తొమ్మిది పదేళ్ళు గమకాలు పలికిన ఎడమ చేయి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోయేటప్పుడు దారిలో చిన్న జారు వేస్తుంది, నీకు తెలియకుండానే. మన చెవికి అది అందం. పాశ్చాత్య గురువు చెవికి చాలా చోట్ల అది శుభ్రం చేయని మూల. కారణం తెలియకపోతే నీకు నిర్లక్ష్యం అనుకుంటారు. తెలిస్తే, ఎక్కడ ఉంచాలో ఎక్కడ తీసేయాలో ఇద్దరూ కలిసి చూస్తారు. కాబట్టి చెప్పు. ఒక పాఠంలో నేల మీద దుప్పటి పరచుకుని, చీలమండ మీద వయొలిన్ తల ఆనించి, స, ప, స, పలకు తీగలు బిగించి ఒక వర్ణం వాయించి చూపు కూడా. వాళ్ళకు నీ చేయి ఎందుకు అలా నడుస్తుందో అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఆ చూపించడంతో ఆపు. ప్రతి విందులోనూ ఏదైనా భారతీయం వాయించు అని అడుగుతారు, మొదట మురిపెంగా ఉంటుంది. నెల తిరిగేసరికి నువ్వు వయొలిన్ విద్యార్థినివి అన్న సంగతి మరిచి, నిన్ను ఒక ప్రదర్శనలా చూడటం మొదలవుతుంది. ఆరు నిమిషాల వర్ణం ఒకటి సిద్ధంగా పెట్టుకో, సెమిస్టర్ మొత్తంలో రెండుసార్లు వాయించు. మిగతాసార్లు నవ్వి ఊరుకో.

ఇక వెనకబడ్డానన్న బాధ. కొన్నిట్లో నిజంగానే వెనకబడి ఉంటావు. ముఖ్యంగా చెవి శిక్షణ తరగతిలో. మన చెవి ఒకే గీత వెంట, ఎంత సన్నని వంపునైనా పట్టుకుంటూ పోతుంది. అక్కడ నాలుగు స్వరాలు ఒకేసారి మోగించి, అడుగున ఉన్నది ఏమిటి అని అడుగుతారు. మొదట నాకు పై స్వరం తప్ప ఏదీ వినపడేది కాదు. ఇప్పటి నుంచే బాఖ్ కోరల్స్ (నాలుగు గొంతుల చర్చి పాటలు) తీసుకుని, మూడు గొంతులను పియానో మీద వాయిస్తూ అడుగు గొంతును నువ్వు పాడు. రోజుకు ఒకటి చాలు. శ్రుతి శుద్ధిలో, విన్నదాన్ని గుర్తుపెట్టుకోవడంలో, కాగితం లేకుండా వాయించడంలో మాత్రం వాళ్ళలో చాలామంది నీ వెనకే ఉంటారు. కాగితం తీసేస్తే బెదిరిపోయే మంచి వాద్యకారులను నేను ఎంతోమందిని చూశాను.

రెండు బాణీల మధ్య నలగడం నీతో మొదలైంది కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. మీ తాతయ్య ఒళ్ళోకి ఆ వాద్యం వచ్చిన దారి అదే. నువ్వు అదే దారిలో ఎదురు నడుస్తున్నావు.

పాఠం తీరు గురించి ఒక హెచ్చరిక. మనం గురువు గారు వాయించినది వాయిస్తాం. అక్కడ నువ్వు ఒక వాక్యం వాయించగానే, ఇక్కడ ఎందుకు పెంచావు, ఈ చోట ఎందుకు ఆగావు అని అడుగుతారు. అది తిట్టు కాదు, నిజంగా తెలుసుకోవడానికే. నేను మొదటి నెలంతా తల వంచుకుని నిలబడ్డాను. నాకు భాష రాదనుకుని మా గురువు అదే ప్రశ్నను ఇంకా నెమ్మదిగా, ఇంకా గట్టిగా అడిగేవారు. ప్రతి పాఠానికి ముందు నీ కృతిలో మూడు చోట్ల ‘ఇలా ఎందుకు’ అన్నదానికి ఒక్కో వాక్యం రాసుకుని వెళ్ళు. జవాబు తప్పయినా ఫరవాలేదు, జవాబంటూ ఉండాలి.

జర్మన్ భాష కొంచెం నేర్చుకునే వెళ్తావు గదా, అయినా స్వరాల పేర్ల దగ్గర పడిపోతావు. మనం ఇంగ్లిష్ పద్ధతిలో ‘బి’ అనే స్వరాన్ని వాళ్ళు ‘హా’ అంటారు. వాళ్ళు ‘బే’ అన్నారంటే అది మన బి ఫ్లాట్, అంటే బి కంటే అరస్వరం కిందిది. బృందంలో ఎవరైనా ‘బే నుంచి మొదలుపెడదాం’ అంటే అరస్వరం పైన వాయించి నవ్వులపాలు కాకు. ఈ పద్ధతి వల్లే బాఖ్ ఇంటిపేరులోని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలూ (B, A, C, H) నాలుగు స్వరాలయ్యాయి, ఆయన తన పేరునే స్వరపరిచి వాడుకున్నాడు కూడా. ఇంకొకటి. అక్కడి వాద్యబృందాలు ‘ఏ’ స్వరాన్ని 440 హెర్ట్జ్ (సెకనుకు 440 కంపనాలు) దగ్గర కాక 442, 443 దగ్గర కడతాయి. చెవికి కొద్దిగా పదునుగా ఉంటుంది, వారంలో అలవాటవుతుంది.

చివరి కచేరీ పరీక్ష గురించి నోటి మాటలు నమ్మవద్దు. యూరప్‌లో ఒక సెమిస్టర్ అంటే 30 క్రెడిట్లు. అక్కడ నువ్వు చదివే ఏ పాఠ్యాంశానికి ఇక్కడ ఏది చెల్లుతుందో కాగితం మీద రాయించి, రెండు విద్యాలయాల సంతకాలూ విమానం ఎక్కే ముందే పెట్టించుకో. వీలైతే పరీక్షను ఏప్రిల్ నెల చివరికి జరపమని ఇప్పుడే అడుగు. ఫిబ్రవరిలో దిగగానే మీ గురువు గారి దగ్గర కనీసం ఎనిమిది వారాలు నీకు కావాలి. ఆయనకు ఈ మాట ముందుగా నువ్వే చెప్పు. నా చేయి మీ దగ్గరే ఉంటుంది, అక్కడ వినడానికి మాత్రమే వెళ్తున్నాను, అని చెప్పి, లైప్జిగ్ గురువుకు ఆయన చేతే నాలుగు వాక్యాల ఉత్తరం రాయించు. నీ కుడి చేతి విషయంలో ఆయన ఏం చేస్తూ వచ్చారో, ఏది కదపవద్దో అందులో ఉంటే చాలు. తనను పక్కన పెట్టలేదని తెలిశాక ఆయన వద్దనడం సగం తగ్గుతుందని నా అంచనా.

డబ్బు సంగతి పొడిగా చెప్పేస్తాను. మార్పిడి ఒప్పందాల్లో సాధారణంగా ఫీజు సొంత కళాశాలకే కడతారు, అక్కడ సెమిస్టర్ చందా లాంటిది ఉంటుంది. వీసాకు మాత్రం ఖర్చులకు తగిన సొమ్ము చూపాలి. 2024 సెప్టెంబరులో ఆ లెక్క నెలకు 992 యూరోలు అయింది. ఇది మారుతూ ఉంటుంది కాబట్టి దరఖాస్తు రోజు అంకె చూసుకో. ఆరోగ్య బీమా తప్పనిసరి.

అమ్మకు ఈ మాటలు చదివి వినిపించు. బియ్యం, పప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి. ఆవకాయ నువ్వు ఎలాగూ పట్టుకెళ్తావు. సీసా మూతకు టేపు చుట్టి, వయొలిన్ దరిదాపుల్లో పెట్టకు. అమ్మ భయపడవలసినది తిండి గురించి కాదు, డిసెంబరు గురించి. ఆ నెలలో సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. మన సూర్యుడికి అలవాటు పడినవాళ్ళకు ఎందుకో తెలియని దిగులు కమ్ముతుంది. అది సంగీతం రాకపోవడం వల్ల కలిగిన దిగులు అని పొరబడతాం. మధ్యాహ్నం పన్నెండింటికి సాధన ఆపి ఒక గంట బయట నడువు, ఎంత చలి అయినా సరే. అమ్మకు ఫోను ఆ నడకలోనే చెయ్యి.

చివరగా వాద్యం. చెన్నై తేమలో ఉబ్బి బిగుసుకున్న బిరడాలు, అక్కడ వేడి చేసిన పొడి గదుల్లో వదులై జారిపోతాయి. చెక్క అతుకులు విచ్చుకునే ప్రమాదమూ ఉంది. వయొలిన్ లోపలికి దూర్చే తడి గొట్టాలు దొరుకుతాయి, ఒకటి కొని నవంబరు నుంచి వాడు. విమానంలో వాద్యాన్ని చేతి సామానుగానే తీసుకెళ్ళు, టిక్కెట్టు కొనే ముందే ఆ సంస్థ నిబంధన చదువు. వయొలిన్ నీదేనని చూపే ఫోటోలు, ఏదైనా పాత రసీదు ఉంటే అది, దగ్గర పెట్టుకో.

తాతయ్య కమాను అన్నావు, అది నన్ను కొంచెం కలవరపెడుతోంది. పాత కమానుల కొన మీద ఉండే చిన్న తెల్లని పలక చాలాసార్లు ఏనుగు దంతం. అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం కింద దాన్ని అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు, పట్టుబడితే కమాను అక్కడే ఉండిపోతుంది. చెన్నైలో వయొలిన్లు బాగుచేసే ఎవరి చేతనైనా ఈ వారంలోనే చూపించు. అది దంతమే అయితే కమానును తాతయ్య దగ్గరే వదిలి, ఇంకొకటి కొనుక్కుని దాంతో జులై నుంచే సాధన మొదలుపెట్టు. కొత్త కమానుకు చేయి అలవాటు పడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆ నెలలు నువ్వు మీ గురువు గారి ఎదుటే గడపాలి.